మొదటి కెమెరా: మన ఎండకి, మన జేబుకి

హాస్టల్లో నా మెడలో కెమెరా చూసిన ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని మెగాపిక్సెల్స్ బ్రో?" రెండోది, "ఎంత పెట్టావ్?" మూడోది చాలా అరుదుగా వస్తుంది: "దీంతో ఏం తీస్తావ్?" షాపుకి వెళ్లే ముందు మనల్ని మనం అడుక్కోవాల్సిన వరుస దీనికి సరిగ్గా తిరగేసి ఉండాలి. ఏం తీస్తాం, ఎంత పెట్టగలం, ఆ తర్వాత కావాలంటే మెగాపిక్సెల్స్.

నాది ప్రొద్దుటూరు. అమ్మ వాళ్ల ఊరు పులివెందుల పక్కన ఒక పల్లె. రూమ్మేట్‌ది జమ్మలమడుగు. కాబట్టి ఈ వ్యాసంలో మంచుకొండలు, యూరప్ వీధులు, మేపుల్ ఆకులు ఉండవు. నాపరాళ్లు, చీనీ తోటలు, అమ్మవారిశాల లైట్లు, గండికోట ఉంటాయి. యూట్యూబ్‌లో చూసిన చాలా పాఠాలు మన దగ్గర ఎందుకు సరిగ్గా పనిచేయవో అర్థం కావడానికే నాకు ఒక సెమిస్టర్ పట్టింది. అది మీకు పట్టకూడదని ఈ గోల.

ఇంకో మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఎపర్చర్‌కి, షట్టర్‌కి, ఐఎస్ఓకి తెలుగు మాటలు పుట్టించి మీ ప్రాణం తీయను. మా మామ మోటరుని మోటరు అనే అంటాడు, స్టార్టర్‌ని స్టార్టర్ అనే అంటాడు. నీళ్లు మాత్రం చక్కగా పారతాయి.

ముందు ఫోన్‌తోనే రెండు నెలలు తీయండి. ఇది డబ్బులు మిగల్చడానికి చెప్పే కబురు కాదు. దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఇప్పుడు ప్రో మోడ్ ఉంది. అందులో షట్టర్ స్పీడు, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ చేత్తో మార్చుకోవచ్చు. ఎపర్చర్ మాత్రం చాలా ఫోన్లలో మారదు. ఆ రెండు నెలల్లో మీకు ఏ మూడు నాలుగు విషయాల్లో ఫోన్ చాలట్లేదో తెలిసిపోతుంది. నాకు తెలిసినవి రెండు. ఒకటి, సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద మా అవ్వ మొహం తీస్తే చర్మం మైనం పూసినట్టు వచ్చేది. చీకట్లో వచ్చిన నాయిస్‌ని సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది కదా, దాంతోపాటు ముడతలు కూడా తుడిచేసేది. మా అవ్వకి ముడతలు లేకపోతే ఆమె మా అవ్వే కాదు. రెండోది, దూరంగా ఉన్నదాన్ని జూమ్ చేస్తే మిగిలేది బొమ్మ కాదు, బురద.

దీనికి కారణం సెన్సర్ సైజు. మొదలుపెట్టేవాళ్లు కొనే డీఎస్ఎల్ఆర్‌లలో, మిర్రర్‌లెస్‌లలో ఎక్కువగా ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్. నికాన్, సోనీల్లో అది సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు. అంటే దగ్గర దగ్గర 366 చదరపు మిల్లీమీటర్లు. ఒక మామూలు ఫోన్‌లో ఉండే అర అంగుళం రకం సెన్సర్ 6.4 × 4.8, అంటే 31 కూడా లేదు. పన్నెండు రెట్ల తేడా. వాన కురిసేటప్పుడు వాకిట్లో చెంబు పెడితే ఎన్ని నీళ్లు, గంగాళం పెడితే ఎన్ని నీళ్లు? వాన ఒకటే. మెగాపిక్సెల్స్ అంటే ఆ పాత్ర లోపల ఎన్ని గళ్లు కట్టారన్న లెక్క మాత్రమే. చెంబులో కోటి గళ్లు కట్టినా అది గంగాళం కాదు.

ఇక కొనడం. నా దగ్గర ఉన్నది ఇరవై రెండు వేలు. అందులో సగం రెండు వేసవి సెలవుల్లో టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పి దాచినవి, మిగతా సగం నాయన ఇచ్చినవి. ఇస్తూ ఆయన అన్న మాట, "ఫీజు డబ్బులు కావు, అయినా డబ్బులే." ఆ మాట చెవిలో పెట్టుకుని కొత్తది కొనడం నావల్ల కాలేదు. పాతది కొన్నా: నికాన్ డీ3400, దాంతోపాటు వచ్చే 18-55 లెన్సు. 2016లో వచ్చిన మోడల్. 24 మెగాపిక్సెల్స్, ఇంటర్మీడియట్ చదివే మా చెల్లెలు కూడా మెడకి వేసుకోగలిగినంత తేలిక. ఇదే కొనమని చెప్పట్లేదు. ఇదే వరుసలో డీ3500 ఉంది, కెనాన్‌లో 1500డీ ఉంది, 200డీ ఉంది. డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయిందని అంటారు. కంపెనీల లెక్కలో అది నిజమే, కొత్తవన్నీ మిర్రర్‌లెస్‌లే వస్తున్నాయి. కానీ అయిపోయిన కాలం మన జేబుకి మంచి కాలం. అందరూ మిర్రర్‌లెస్‌కి వెళ్తుంటే మంచి డీఎస్ఎల్ఆర్‌లు పాత సామాన్లలోకి వస్తున్నాయి.

మిర్రర్‌లెస్ కొనే స్తోమత ఉంటే ఒక్కటి చూసుకోండి. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటి వాటికి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఉండదు, వెనక స్క్రీన్ చూసే తీయాలి. వీడియో చేసేవాళ్ల కోసం తయారైనవి అవి. ఏప్రిల్‌లో ప్రొద్దుటూరులో పదకొండు గంటలకి బయట ఫోన్ స్క్రీన్ మీద పేరు చదవడానికి ఎన్ని అవస్థలు పడతామో మీకు తెలుసు. ఇంక స్క్రీన్ మీద ఫోకస్ చూసుకుంటారా? రివ్యూలు చేసేవాళ్లది చల్లటి దేశం, వాళ్లకిది సమస్య కాదు. మన ఎండకి వ్యూఫైండర్ ఉండాలి. ఈ విషయంలో నేను మొండిగా ఉంటా.

పాత కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే పోయేది ఇక్కడే. మొదటిది, షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుంది. బండికి కిలోమీటర్ల లాంటిది. ఈ తరగతి కెమెరాల షట్టర్ దాదాపు లక్ష క్లిక్కులు తట్టుకునేలా చేస్తారు. నికాన్‌లో ఈ లెక్క ప్రతి ఫోటో ఫైల్ లోపలే రాసి ఉంటుంది. అక్కడికక్కడే ఒక ఫోటో తీసి ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే కనపడుతుంది. నాకు అమ్మిన అన్న "ఐదారు వేలే తిరిగింది" అన్నాడు, ఫైల్ పద్నాలుగు వేలు అంది. పద్నాలుగు వేలు కూడా మంచి లెక్కే, అందుకని ఆ తేడా చూపించి పదిహేను వందలు తగ్గించుకున్నా. సీఎస్ఈ చదువు నాకు మొదటిసారి డబ్బులు తెచ్చిపెట్టింది అప్పుడే. కెనాన్‌లలో చాలా మోడల్స్ ఈ లెక్కని ఫోటోలో రాయవు. వాటికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి, లేదా సర్వీస్ వాళ్లని అడగాలి.

రెండోది, లెన్సులో బూజు. లెన్సు విప్పి వెనక నుంచి ఫోన్ టార్చ్ కొట్టి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా ఏమైనా కనపడితే దండం పెట్టి వచ్చేయండి. మన కడప పొడి ఎండలో బూజు తక్కువ. తేమ ఉండే సముద్రతీరం ఊళ్ల నుంచి వచ్చిన కెమెరా అయితే మాత్రం తప్పకుండా చూడాలి. నేను చూసిన మొదటి కెమెరా అలాంటిదే. బయటికి అద్దంలా ఉంది, టార్చ్ వేస్తే లోపల గూడు. మూడోది, సెన్సర్ మీద మరకలు. ఎపర్చర్ ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్నో తెల్లగోడనో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే నల్ల చుక్కలు కనపడతాయి. దుమ్ము అయితే ఊదితే పోతుంది, గీత అయితే పోదు. నాలుగోది, బిల్లు. బిల్లూ డబ్బా లేకుండా చౌకగా వస్తోందంటే అది ఎవరి ఇంట్లోంచి పోయిందో ఆలోచించండి.

లెన్సుల గురించి ఎక్కువ చెప్పను. 18-55తో కనీసం ఆరు నెలలు తీయండి, అందరూ దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ నా మంచి ఫోటోలన్నీ దానివే. ఆ తర్వాత ఇంకో లెన్సు కొంటే నికాన్‌లో 35 ఎంఎం ఎఫ్/1.8, కెనాన్‌లో 50 ఎంఎం ఎఫ్/1.8. ఒక్క జాగ్రత్త: నికాన్ డీ3000, డీ5000 వరుసల్లో కెమెరా లోపల ఫోకస్ మోటరు ఉండదు. లెన్సులోనే మోటరు ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాలే తీసుకోవాలి. పాత 'డీ' రకం 50 ఎంఎం చౌకగా దొరుకుతుంది, తగిలించొచ్చు కూడా, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఇప్పుడు వెలుగు లెక్క. అందరూ 'ఎక్స్‌పోజర్ ట్రయాంగిల్' అని మూడు కోణాల బొమ్మ గీసి చూపిస్తారు, నాకు ఆ బొమ్మ ఎప్పుడూ ఎక్కలేదు. మా మామ తోటలో కూర్చున్నప్పుడు ఎక్కింది. తొట్టి నిండాలి. పైపు లావుగా ఉంటే త్వరగా నిండుతుంది, అది ఎపర్చర్. మోటరు ఎక్కువసేపు ఆడితే నిండుతుంది, అది షట్టర్ స్పీడు. పైపు సన్నమైతే మోటరు ఎక్కువసేపు ఆడాలి, పైపు లావైతే కాసేపు చాలు, తొట్టి మాత్రం అంతే నిండుతుంది. ఐఎస్ఓ నీళ్లు కాదు. అది తిరునాళ్ల మైకులో వాల్యూమ్ పెంచడం. గొంతు పెరుగుతుంది, దాంతోపాటు గుర్రుమనే శబ్దమూ పెరుగుతుంది. ఆ గుర్రే ఫోటోలో నాయిస్.

ఎపర్చర్ అంకెలు వింతగా ఉంటాయి: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16. బట్టీ కొట్టొద్దు, ఒక్కోదాన్ని రూట్ 2తో గుణించుకుంటూ పోతే తర్వాతది వస్తుంది. ఎఫ్/4 అంటే ఫోకల్ లెంగ్త్‌ని 4తో భాగిస్తే వచ్చే వ్యాసం. వ్యాసం రూట్ 2 రెట్లు తగ్గితే వైశాల్యం సగమవుతుంది, వెలుగూ సగమవుతుంది. అంకె పెరిగితే రంధ్రం తగ్గడం ఏంటని మొదట్లో అందరికీ చిరాకే. భాగహారంలో కింద ఉండే అంకె అని గుర్తుంచుకుంటే చిరాకు పోతుంది.

ఫిల్మ్ రోజుల నుంచి వస్తున్న ఒక సూత్రం మన జిల్లాకే రాసినట్టు ఉంటుంది. నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్/16 పెడితే, షట్టర్ స్పీడు ఒకటి బై ఐఎస్ఓ. ఐఎస్ఓ 100 అయితే సెకనులో నూరో వంతు. ఎఫ్/8 కావాలంటే రెండు మెట్లు, అంటే నాలుగు రెట్లు వెలుగు పెరిగింది కాబట్టి నాలుగు వందో వంతు. మాన్యువల్ మోడ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున పదింటికి ఈ ఒక్క సూత్రంతో, మీటర్ చూడకుండా బయట 36 ఫోటోలు తీయండి. 36 ఎందుకంటే ఒక ఫిల్మ్ రోల్‌లో వచ్చేవి అన్నే. 37వది తీయకూడదు. మధ్యలో స్క్రీన్ చూడకూడదు. చేతికి లెక్క అలవాటవ్వాలంటే నాకు తెలిసి ఇంతకంటే దగ్గర దారి లేదు.

కెమెరాలో మీటర్ ఉందిగా, అదే చూసుకుంటుందిగా అంటారు. చూసుకుంటుంది, కానీ దానికి లోకమంతా మధ్యస్థమైన బూడిద రంగులో కనపడాలి. నల్లటిది చూపిస్తే వెలుగు చాలలేదనుకుని బూడిదగా చేస్తుంది, తెల్లటిది చూపిస్తే ఎక్కువైందనుకుని అదీ బూడిదే చేస్తుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు ఇళ్లలో నేలంతా నాపరాయి, తడి తుడిస్తే నల్లగా మెరుస్తుంది. గోడలేమో తెల్ల సున్నం. రూమ్మేట్ వాళ్లింట్లో ఒకే వరండాలో, ఒకే నిమిషంలో తీసిన రెండు ఫోటోలున్నాయి. నేల ఎక్కువ ఉన్నదాంట్లో గోడ కాలిపోయి తెల్లకాగితమైంది, గోడ ఎక్కువ ఉన్నదాంట్లో వాళ్ల నాయనమ్మ కట్టుకున్న గళ్లచీర నల్లగా అయిపోయింది. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. ప్లస్, మైనస్ గుర్తున్న బటన్. తెల్లటిది ఎక్కువుంటే ప్లస్ వైపు ఒకటి, నల్లటిది ఎక్కువుంటే మైనస్ వైపు ఒకటి. ఇది మనసుకి అనిపించేదానికి తలకిందులు, అందుకే చేసి చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

రా ఫైళ్ల గురించి సీఎస్ఈ వాళ్లకి ఒక ముక్క. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే 256 మెట్లు. నా కెమెరా రా ఫైల్ 12 బిట్లు, 4096 మెట్లు. 14 బిట్లయితే 16384. నీడలో మునిగిపోయిన మొహాన్ని తర్వాత పైకి లాగాలంటే ఈ మెట్లే దిక్కు. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో కూడా నడుస్తుంది, పైరసీ అక్కర్లేదు. ఫైళ్లు బరువుగా ఉంటాయి కాబట్టి మెమరీ కార్డు దగ్గర కక్కుర్తి వద్దు.

గోల్డెన్ అవర్ మాట అందరూ వినే ఉంటారు. సూర్యుడు కిందికి దిగినప్పుడు వచ్చే బంగారు వెలుగు, ఒక గంట ఉంటుందని వీడియోల్లో చెప్తారు. మన దగ్గర ఉండదు. లెక్క వేద్దాం. మనం ఉన్నది సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు, గంటకి 13 నుంచి 14 డిగ్రీల పైచిలుకు. క్షితిజానికి ఆరు డిగ్రీల ఎత్తు నుంచి కిందికి పోవడానికి పట్టేది 25 నిమిషాలు, మహా అయితే 27. లండన్‌లో అదే పనికి కాలాన్ని బట్టి 40 నుంచి 50 నిమిషాలు తీసుకుంటాడు. అంటే వాళ్లు ట్రైపాడ్ వేసుకుని టీ తాగి మొదలుపెట్టొచ్చు, మనం టీ తాగి వచ్చేసరికి చీకటి. ఎక్కడ నిలబడాలో, ఏ లెన్సు పెట్టాలో ముందే తేల్చుకుని ఉండాలి.

మధ్యాహ్నం ఇంకో కథ. మే మొదట్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో సూర్యుడు మన నడినెత్తి మీదికే వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఆ చుట్టుపక్కల వారాల్లో పన్నెండింటికి మనిషి మొహం తీస్తే కళ్లు రెండు నల్ల గుంటలు. అప్పుడు మనుషుల్ని ఎండలో నిలబెట్టొద్దు. వేపచెట్టు కిందికో, వాకిలి గడప లోపలికో పిలవండి. గడప లోపల ఒక అడుగు వెనక్కి నిలబెట్టి మొహం బయటికి తిప్పితే, వీధిలో నేలని తాకి లేచిన వెలుగు మెత్తగా మొహం మీద పడుతుంది. స్టూడియో లైట్లకి వేలు పోయక్కర్లేదు, మన ఇళ్లకి గుమ్మాలున్నాయి.

వెలుగుని పుట్టించడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు 1957 మాయాబజార్ గుర్తొస్తుంది. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి మా కడప జిల్లావారే. కెమెరా మార్కస్ బార్ట్లీ. ఆయన తెర మీద చూపించిన వెన్నెల గురించి తాతల తరం ఇప్పటికీ మాట్లాడుతుంది. బ్లాక్ అండ్ వైట్, ఈనాటి ఫోన్లకున్న ఒక్క సదుపాయమూ లేదు. ఆ పడవ పాట సౌండ్ తీసేసి చూడండి ఒకసారి, వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, మొహం మీద ఎంత ఆగింది, నీళ్ల మీద ఎంత పడింది అని.

ప్రొద్దుటూరుకి వస్తే, మాకు దసరా అంటే అమ్మవారిశాల. వీధులకి వీధులే లైట్లు. ఫోటో తీయడానికి అంత సరదా, అంత తలనొప్పి. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ ఐదు వందో వంతు పెడితే ఒక ఫోటోలో తోరణం వెలిగి ఉంటుంది, తర్వాతి ఫోటోలో సగం ఆరిపోయి ఉంటుంది, కొన్నిట్లో అడ్డంగా నల్ల పట్టీలు. షట్టర్‌ని సెకనులో నూరో వంతుకో యాభయ్యో వంతుకో దించండి. అప్పుడు ప్రతి ఫోటోలోనూ పూర్తి మినుకులు పడి వెలుగు సమానమవుతుంది. దాంతో జనం కదలిక కాస్త చెదురుతుంది. దసరాలో జనం చెదిరితేనే దసరాలా ఉంటుందని నా అభిప్రాయం.

మా వీధిలో బంగారు పని చేసే అన్న ఒకాయన తన డిజైన్లు ఫోటోలు తీసిపెట్టమన్నాడు. బంగారం తీయడం మనిషిని తీయడం కంటే కష్టం, ఎందుకంటే బంగారం అద్దం. దాని ముందు ఏముంటే అది కనపడుతుంది, నల్ల చొక్కా వేసుకుని వంగితే నగ మీద నల్ల మచ్చ. చుట్టూ తెల్ల థర్మోకోల్ ముక్కలు నిలబెట్టి, కిటికీకి తెల్ల పంచె కట్టి, నల్ల వెల్వెట్ మీద నగ పెట్టి, మైనస్ ఒకటి కాంపెన్సేషన్. లైట్లన్నీ ఆర్పించా. పసుపు బల్బూ తెల్ల ఎల్ఈడీ కలిస్తే ఏ వైట్ బ్యాలెన్సూ రెంటినీ సరిచేయలేదు. "మా బంగారం ఇంత ఎర్రగా ఉండదబ్బీ" అని ఆయన ఒకే ఒక్క తప్పు పట్టాడు. రంగు విషయంలో ప్రొద్దుటూరు కంసాలి కన్ను ముందు ఏ మానిటరూ నిలబడదు, ఆయన చెప్పినంత వరకూ తగ్గించా.

ఇంక మా మామ తోట. చీనీ చెట్లు, అవ్వ పెళ్లై వచ్చిన పొలంలో మామ చేత్తో నాటినవి. బోరు ఎండిపోయింది, ఇంకోటి వేశారు, అదీ ఎండింది. ట్యాంకర్లతో రెండు వేసవులు నెట్టుకొచ్చి, ఈ ఉగాది తర్వాత చెట్లు పీకించేద్దామని తేల్చుకున్నాడు. నేను కెమెరా కొన్నది డిసెంబర్లో. అంటే నాకు మిగిలింది మూడు నెలలు, ఆలోపు తీయడం రావాలి, తర్వాత నేర్చుకుంటే తీయడానికి చెట్టు ఉండదు. పైన రాసిన లెక్కలన్నీ నేను అంత తొందరగా నేర్చుకోవడానికి కారణం ఇదే.

తోటలో వెలుగు బాగా ఇబ్బంది పెడుతుంది. ఆకుల సందుల్లోంచి నాణేల్లా పడే ఎండ మొహం మీద పడితే మొహం చిరుతపులి అవుతుంది. పొద్దున సూర్యుడు చెట్ల ఎత్తు దాటకముందే, లేదా మబ్బు పట్టినప్పుడే తీయాలి. ఫోకస్ కెమెరా ఇష్టానికి వదిలితే దగ్గరున్న కొమ్మ మీద పెడుతుంది, కాబట్టి సింగిల్ పాయింట్ పెట్టుకుని ఆ చుక్కని దగ్గరి కంటి మీద ఉంచాలి. 55 ఎంఎం దగ్గర చెయ్యి వణుకు కనపడకూడదంటే షట్టర్ నూరో వంతు కంటే తగ్గకూడదు. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి.

పుస్తకంలో లేనిది మామ అడిగాడు. నేను పగిలిన నేల, ఎండిన కొమ్మలు, ఊడదీసిన డ్రిప్పు పైపుల చుట్టలు తీసుకుంటున్నా. వెలుగు బాగుంది, ఫోటోలు బలంగా వస్తున్నాయి. ఆయన వెనక నుంచి చూసి, "రేయ్ అల్లుడా, ఎండినవే తీస్తాండావేంరా? ఆ మూల ఇంగా రెండు చెట్లు కాస్తాండాయి, అవి తీయి" అన్నాడు. "మామా, కరువు కనపడాలి కదా" అన్నా. "కరువు నాకు తెలుసులేరా. ఫోటో ఇంట్లో పెట్టుకునేది నేను కదా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. ఎండిన చెట్లూ నిజమే, కాసే ఆ రెండు చెట్లూ నిజమే. పోటీకి పంపితే గెలిచేది మొదటిది. కానీ ఫోటోలో ఉన్న మనిషి అది ఎక్కడ వేలాడాలో అడుగుతున్నప్పుడు, తీసేవాడి ఇష్టం ఒక్కటే చెల్లుతుందని నేననుకోను. నాలుగు ఆదివారాల్లో రెండు రకాలూ తీశా, మొత్తం 340. అందులో ఆరు ఉంచా. నాలుగు ఎండినవి నా దగ్గర ఉన్నాయి. కాసే చెట్టు పక్కన మామ నిలబడింది ఒకటి, అవ్వ కాయ కోస్తున్నది ఒకటి, ప్రింట్ వేయించా. అవ్వ ముడతలన్నీ ఉన్నాయి.

ప్రింట్ విషయం అందరూ వదిలేస్తారు. 24 మెగాపిక్సెల్స్ ఫోటో 6000 × 4000. అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 × 13 అంగుళాల దాకా స్పష్టంగా వస్తుంది. 12 × 18 సైజు అడగండి. అది 3:2 నిష్పత్తే కాబట్టి అంచులు కత్తిరించరు. ల్యాబ్ వాళ్లకి "కలర్ కరెక్షన్ వద్దు" అని గట్టిగా చెప్పండి, లేకపోతే ప్రేమతో అందరినీ తెల్లగా చేసి ఇస్తారు. అసలు ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల, ఇంకో కాపీ వేరే ఊళ్లో. నా మూడో కాపీ అమ్మ వాళ్ల ఊళ్లో అవ్వ బీరువాలో ఉంది, చీరల కింద పెన్ డ్రైవ్.

వచ్చే నెల రెండో శనివారం క్లబ్ తరఫున గండికోట వెళ్తున్నాం. ఫోన్ ఉన్నా చాలు, రావచ్చు. జమ్మలమడుగు నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు, తెల్లవారకముందే లోయ అంచుకి చేరాలి. సూర్యుడు వచ్చిన కాసేపటికే లోయలో ఒక గోడ మండుతుంటుంది, రెండో గోడ, కింద పెన్నా ఇంకా చీకట్లో ఉంటాయి. ఆ రెండూ ఒకే ఫోటోలో ఇమడవు, వెలుగున్న వైపు చూసి ఎక్స్‌పోజర్ పెట్టి నీడని రా ఫైల్‌లోంచి తర్వాత లాగుదాం. ఎండెక్కాక జుమ్మా మసీదు కమానుల్లోకి, పక్కనున్న ధాన్యాగారం లోపలికి, మాధవరాయ గుడి మండపంలోకి వెళ్దాం, నీడలో నేర్చుకోవడానికి బోలెడుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి అడగాలి, కాబట్టి ఎవరూ తేవద్దు. గాలి దుమ్ములో లెన్సులు మార్చొద్దు. నా కెమెరా లాంటి వాటికి సెన్సర్ దులుపుకునే ఏర్పాటు ఉండదు. అంచు దగ్గర కంచె లేదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా వెనక్కో పక్కకో వేయొద్దు, కదలాలంటే కెమెరా దించి కదలండి. నీళ్ల బాటిల్ రెండు, టోపీ, ఛార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ చేసిన కార్డు. ఒక్కొక్కరికి 36 ఫోటోలే.